ఇతిహాస కల్పనలో ధర్మసంకటం ఎవరిది?

1

రాజులు, కోటలు, తరాల పగలు, అద్భుత శక్తులు కలగలిసిన పెద్ద కల్పిత కథలను మన విద్యార్థులు ఇప్పుడు విరివిగా చదువుతున్నారు, తెరమీద చూస్తున్నారు. ఇంగ్లీషులో ‘ఎపిక్ ఫాంటసీ’ అని పిలిచే ఈ ప్రక్రియను ఈ వ్యాసంలో ఇతిహాస కల్పన అని వ్యవహరిస్తాను. దాన్ని మెచ్చుకునేవారు తరచుగా చెప్పే మాట ఒకటుంది. పాత జానపద కథల్లో నాయకుడు నిలువెల్లా మంచివాడు, ప్రతినాయకుడు నిలువెల్లా చెడ్డవాడు. కొత్త కథల్లో అందరిలోనూ కొంత మంచీ, కొంత చెడూ ఉంటాయి. అందువల్ల ఇవి ఎదిగిన సాహిత్యం అని వారి వాదం.

ఈ వాదాన్ని తోసిపుచ్చటం నా ఉద్దేశం కాదు. మనిషిని ఒకే రంగు పూసిన బొమ్మగా చూపించే సాహిత్యం కన్నా, మనిషిలోని వైరుధ్యాన్ని చూపించే సాహిత్యం ముందడుగే. అయితే మంచిచెడులు కలిపినంత మాత్రాన పాత్రకు లోతు వస్తుందా అన్నది నా ప్రశ్న. దానగుణం ఉన్న దోపిడీదారు, తల్లిని ప్రేమించే హంతకుడు, తాగుబోతయిన వీరుడు - ఇలాంటి కలయికలు ఎన్నయినా చేయవచ్చు. పులుసులో ఉప్పూ పులుపూ సరిచూసినట్టు గుణాలు సరిచూసుకుంటే పాత్ర రుచిగా తయారవుతుంది. దానివల్ల ధర్మసంకటం పుట్టదు.

ధర్మసంకటం అన్నది మన భాషలో పాత మాట, గట్టి మాట. అది మనిషి స్వభావంలో ఉండేది కాదు. మనిషి నిలబడిన చోటులో ఉంటుంది. ఏదో ఒకటి చేయక తప్పదు, ఏది చేసినా ఎవరో ఒకరు బలి అవుతారు - అలాంటి చోట మనిషిని నిలబెట్టేది సమాజం: దాని ఆస్తి సంబంధాలు, దాని అప్పులు, దాని ప్రతిజ్ఞలు, ఎవరు ఎవరికి కట్టుబడి బతకాలో నిర్ణయించే దాని కట్టుబాట్లు. ఒక కథ తన పాత్రల నైతిక సంక్లిష్టతను ఎంత నిజాయితీగా చూపించిందో తెలియాలంటే ఆ చోటును ఎంత నిజాయితీగా చూపించిందో చూడాలి. దానితోబాటు మరో ప్రశ్న కూడా అడగాలి: ఆ కథలో ధర్మసంకటం పడే హక్కు ఎవరికి దక్కింది?

ఈ రెండు ప్రశ్నలతో మూడు రచనలను పరిశీలిస్తాను. ఒకటి దేశమంతా చూసిన తెలుగు ఇతిహాస కల్పన, ‘బాహుబలి’. రెండోది మన ఉత్తరాంధ్ర జంగం కథకులు తరతరాలుగా పాడిన బొబ్బిలి కథ. మూడోది కాళీపట్నం రామారావుగారి ‘యజ్ఞం’. మూడోది కల్పనాద్భుతం కాదు, వాస్తవిక కథ. దాన్ని ఈ వరసలో ఎందుకు చేరుస్తున్నానో ఆ చోటుకు వచ్చినప్పుడు చెబుతాను.

2

‘బాహుబలి’ మొదటి భాగం 2015 జులైలో, రెండో భాగం 2017 ఏప్రిల్‌లో విడుదలయ్యాయి. విజయేంద్రప్రసాద్ కథకు రాజమౌళి దర్శకత్వం. ఈ రెండు విడుదలల మధ్య దాదాపు రెండేళ్ల పాటు దేశంలో కోట్లమంది ఒకే ప్రశ్న వేసుకున్నారు: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు?

ఈ ప్రశ్నను చాలామంది వ్యాపార ప్రచారంగా కొట్టిపారేశారు. అంత తేలిక విషయం కాదని నా అభిప్రాయం. టీ కొట్టు దగ్గరా, బస్సులోనూ, కాలేజీ వరండాలోనూ జనం చర్చించింది ఒక నైతిక సమస్యను. ఒక మంచివాడు తాను ఎత్తుకు పెంచిన మరో మంచివాణ్ణి వెనకనుంచి పొడిచాడు. ఎందుకు పొడిచి ఉంటాడు? రాజు ఎవరు, గెలుపు ఎవరిది అన్న ప్రశ్నలను దాటి ఒక సేవకుడి మనసులో ఏముందో తెలుసుకోవాలని ప్రేక్షకులు ఎదురుచూడటం తెలుగు జనరంజక కథాచరిత్రలో చిన్న సంగతి కాదు.

కట్టప్ప నిలబడిన చోటు ఏమిటి? అతని పూర్వీకుడెవరో మాహిష్మతి సింహాసనానికి మాట ఇచ్చాడు. ఆ మాటవల్ల అతని వంశమంతా సింహాసనానికి బానిసలు. పుట్టుకతో వచ్చిన కత్తి, పుట్టుకతో వచ్చిన గొలుసు. మొదటి భాగంలో అస్లం ఖాన్ అనే ఆయుధాల వర్తకుడు అతని ప్రతిభ చూసి, వెల ఇచ్చి విడిపిస్తానంటాడు. కట్టప్ప ఒప్పుకోడు. రెండో భాగంలో రాజమాత శివగామి బాహుబలిని చంపమంటుంది. అతను కాదంటే తానే చంపుతానంటుంది. అతను చంపుతాడు.

ఇంతవరకూ ఇది చాలా బలమైన ధర్మసంకటం. ఒక మనిషి తన వివేకాన్ని తాను పుట్టకముందే ఎవరో అమ్మేసిన స్థితి అది. ఇక్కడినుంచి కథ ఎటు పోయింది? శివగామిని ఆమె భర్తా కొడుకూ మోసగించారని తేలుతుంది. నిజం తెలిసి ఆమె పశ్చాత్తాపపడుతుంది. తప్పంతా కుట్ర పన్నినవారి మీదికి పోతుంది. కట్టప్ప కడిగిన ముత్యంలా మిగులుతాడు. ‘ఎందుకు చంపాడు’ అన్న ప్రశ్నకు చివరకు దొరికిన జవాబు ‘తప్పుడు సమాచారం వల్ల’. శివగామికి అందిన సమాచారం నిజమే అయి ఉంటే? అప్పుడు కట్టప్ప చేసిన పని సబబయ్యేదా? మాట ఇచ్చిన ముత్తాత మాటకు మనవడి మనవడు ఎందుకు కట్టుబడాలి? ఈ ప్రశ్నలను కథ తాకదు. కుట్రదారులు పోతారు, మంచి రాజు వస్తాడు. బానిసత్వమనే ఏర్పాటు మాత్రం విశ్వాసమనే పేరుతో పూజలందుకుంటూనే ఉంటుంది.

జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ 1996లో మొదలుపెట్టిన నవలామాలికలో జైమీ లానిస్టర్ అనే పాత్ర ఉంది. తాను కాపాడతానని ప్రమాణం చేసిన రాజునే అతను చంపాడు. ఆ రాజు నగరాన్నంతా తగలబెట్టబోయాడు గనుక చంపాడు. లక్షలమంది బతికారు, అతనికి జీవితాంతం ‘రాజహంత’ అన్న నింద మిగిలింది. ప్రమాణం తప్పినవాడికి అపకీర్తి, ప్రమాణం నిలబెట్టి నిరపరాధిని చంపినవాడికి కీర్తి. జైమీని, కట్టప్పను పక్కపక్కన పెట్టి చూస్తే ‘విశ్వాసం’ అన్న విలువ ఎవరికి పనికివస్తుందో విద్యార్థులకు బోధపడుతుంది. జైమీ మంచివాడని కాదు. అతని చేతులమీద వేరే పాపాలు చాలా ఉన్నాయి. ఒక సమాజం దేన్ని పాపమంటున్నదో ప్రశ్నించే అవకాశం ఆ పాత్ర మనకు ఇస్తుంది.

‘బాహుబలి’లో దగ్గరదాకా వచ్చి జారిపోయిన పాత్ర మరొకటి ఉంది, బిజ్జలదేవుడు. పుట్టుకతో చేయి అవిటిదైనందువల్ల పెద్దవాడై ఉండి కూడా సింహాసనానికి అనర్హుడయ్యాడు. అవిటితనానికి రాజ్యం వేసిన శిక్ష అది. ఆ అన్యాయంనుంచి ఒక గొప్ప పాత్ర పుట్టవలసింది. కథ అతని చేతి వంకరనే అతని బుద్ధి వంకరగా చూపించి ఊరుకుంది. కారణం ఇచ్చి, కారణంమీద ఆలోచన ఇవ్వకపోవటం అంటే ఇదే.

3

ఇప్పుడు బొబ్బిలికి వద్దాం. పరాయి దేశపు నవలలు చదివి నైతిక సంక్లిష్టతను నేర్చుకోవాలనుకునే మన యువ రచయితలకు, తమ తాతలు తంబుర, గుమ్మెటల మధ్య విన్న కథ ఒకటుందని గుర్తు చేయాలి. పెద్దాడ మల్లేశం పేరుమీద ప్రచారంలో ఉన్న కథాగేయం, దిట్టకవి నారాయణకవి ‘రంగరాయచరిత్ర’ పద్యకావ్యం, తర్వాతి నాటకాలు, 1964లో వచ్చిన ‘బొబ్బిలి యుద్ధం’, 1986లో వచ్చిన ‘తాండ్ర పాపారాయుడు’ చిత్రాలు - అన్నీ ఈ ఒక్క యుద్ధంనుంచి పుట్టినవే.

యుద్ధం 1757 జనవరి 24న జరిగింది. ఉత్తర సర్కార్లు 1753లో సలాబత్ జంగ్ ద్వారా ఫ్రెంచివారి చేతికి వచ్చాయి. పైకం వసూలు చేసిపెట్టే పెద్ద జమీందారు వారికి కావలసివచ్చాడు. ఫ్రెంచి సేనాని బుస్సీ శ్రీకాకుళం, రాజమండ్రి సర్కార్ల గుత్తను విజయనగరం జమీందారు పూసపాటి పెద విజయరామరాజుకు ఇచ్చాడు. ఆయనకూ బొబ్బిలి గోపాలకృష్ణ రంగారావుకూ అంతకుముందునుంచీ వైరం. ఆ వైరంలో వంశప్రతిష్ఠకు ఎంత పాలు ఉందో నీటికీ అంత పాలు ఉంది. బొబ్బిలివారు వాగుల నీటిని మళ్లించుకుంటున్నారన్న తగాదాను ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ ప్రస్తావించాడు. కోట వదిలి వెళితే వేరేచోట భూములు ఇస్తామని బుస్సీ కబురంపాడు. రంగారావు దాన్ని అవమానంగా భావించాడు. యుద్ధం తప్పలేదు.

కోట నిలవదని తేలిపోయాక లోపలి ఆడవాళ్లను, పిల్లలను తమవాళ్లే చంపారు. ఇళ్లకు నిప్పు పెట్టారు. ఆ తర్వాత రంగారావు, ఆయన మనుషులు పోరాడి చచ్చిపోయారు. మూడు రాత్రుల తర్వాత బొబ్బిలి పక్షంవారు విజయరామరాజు డేరాలోకి చొరబడి ఆయన్ని పొడిచి చంపారు. కథకులు ఆ పనిని రాజాంలో ఉండిపోయి యుద్ధానికి సమయానికి అందుకోలేకపోయిన తాండ్ర పాపారాయుడికి అప్పగించారు.

రంగారావు పాత్రను చూడండి. ఆయన వీరత్వం ఒక గుణం, పిల్లలను చంపించటం ఒక దోషం అని రెండు సంచుల్లో వేరుచేయటానికి వీలులేదు. రెండూ ఒకే వేరునుంచి మొలిచాయి. కోట నాది, పేరు నాది, ఆడవాళ్లు నా పరువు - వీటిలో ఏ ఒక్కటీ శత్రువు చేతికి చిక్కకూడదు. ఆ పట్టుదల కోటగోడమీద నిలబడితే వీరత్వంగా కనబడుతుంది, అంతఃపురంలోకి వెళితే హత్యగా మారుతుంది. మంచీ చెడూ కలిసిన పాత్రకూ, మంచిచెడులు ఒకే మూలంనుంచి పుట్టిన పాత్రకూ చాలా తేడా ఉంది. రెండోదాన్నే నేను నిజమైన సంక్లిష్టత అంటాను. భూస్వామ్య వీరధర్మం తన ఉచ్చస్థితిలో ఎంత ఉజ్జ్వలంగా ఉంటుందో, ఎంత క్రూరంగా ఉంటుందో రంగారావు ఏకకాలంలో చూపిస్తాడు. పైగా ఇక్కడ ఎవరూ ఎవరికీ తప్పుడు సమాచారం ఇవ్వలేదు. ఆయన తెలిసే చేశాడు.

పాపారాయుడిని చూడండి. మహాభారతంలో అశ్వత్థామ రాత్రివేళ శిబిరంలోకి చొరబడి నిద్రలో ఉన్నవారిని చంపాడు. అది మహాపాపమని ఆ ఇతిహాసం తీర్పు చెప్పింది. ఇంచుమించు అదే పని పాపారాయుడు చేస్తే బొబ్బిలి కథ వినేవాళ్ల ఒళ్లు పులకరిస్తుంది. చంపినవాడు మనవాడైతే ధర్మం మారుతుందా? కథకుడు ఈ ప్రశ్నను పైకి అడగడు. వినేవాడి పులకరింతలోనే ఆ ప్రశ్నను దాచిపెట్టాడు. దాన్ని బయటికి తీయటం విమర్శకుడి పని.

విజయరామరాజును మన చిత్రాలు కుట్రదారుగానే చూపించాయి. ఆయన చేసిన పనికి సమర్థన లేదు. ఆయన నిలబడిన చోటును కూడా గమనించాలి. పైన ఫ్రెంచివారికి పైకం కట్టాలి, కింద లొంగని జమీందార్లను లొంగదీయాలి. పరాయి తుపాకిని పక్కింటి తగాదాలోకి పిలిచాడు. ఆ తుపాకి ఆయన వంశానికి కూడా మిగల్లేదు. 1794 జులై 10న పద్మనాభం దగ్గర చిన విజయరామరాజు ఇంగ్లీషు కంపెనీ సేనలతో పోరాడి చనిపోయాడు. ఆ యుద్ధం తర్వాతే బొబ్బిలివారికి తమ జమీ తిరిగి దక్కింది. వలస దొరతనం ఇద్దరినీ వాడుకుంది. ఇద్దరినీ తన లెక్కలోకి చేర్చుకుంది.

బొబ్బిలి కథ పరిమితిని కూడా చెప్పుకోవాలి. కోటలో చనిపోయిన ఆడవాళ్లలో రాణి మల్లమ్మదేవికి కథలో గొంతు ఉంది. సిపాయిల భార్యలకు, దాసీలకు, నీళ్లు మోసినవారికి, వాళ్ల బిడ్డలకు లేదు. వంశ పరువు కోసం చావటం రాణి ధర్మమని ఒక పక్షాన వాదించవచ్చు. దాసీకి ఏ వంశ పరువు? ఆమెను ఎవరు అడిగారు? వీరగాథ ఇక్కడ మౌనంగా ఉంది. ఆ మౌనంమీదే వీరగాథ నిలబడింది.

ఈ మౌనంలోనుంచి ఒక్క మనిషి మాత్రం నడిచి బయటికి వస్తాడు. ఓర్మ్ చెప్పిన ప్రకారం, అంతా ముగిశాక ఒక ముసలివాడు చిన్న పిల్లవాణ్ణి చేయిపట్టుకుని తీసుకొచ్చి లా అనే ఫ్రెంచి అధికారికి అప్పగించాడు. ఆ పిల్లవాడు రంగారావు కొడుకు. తండ్రి ఉద్దేశానికి విరుద్ధంగా ముసలివాడు అతన్ని కాపాడాడు. ఆ తర్వాతి బొబ్బిలి వంశం ఆ పిల్లవాడినుంచే సాగింది.

ఆ ముసలివాడి పేరు ఓర్మ్ పుస్తకంలో లేదు. నా దృష్టిలో బొబ్బిలి కథ మొత్తంలో అతి కఠినమైన ధర్మసంకటం అతనిది. దొర ఆజ్ఞ ఒకవైపు, చేయి పట్టుకున్న పిల్లవాడు మరోవైపు. ఆజ్ఞ పాటిస్తే విశ్వాసపాత్రుడు. పాటించకపోతే ద్రోహి, పైగా దొర బిడ్డను దొర శత్రువు చేతిలోనే పెట్టాలి. అతను ఆజ్ఞ తప్పాడు. విశ్వాసంతో చంపిన కట్టప్పను, విశ్వాసం తప్పి బతికించిన ఈ ముసలివాణ్ణి పక్కపక్కన నిలబెట్టి చూడండి. మొదటివాడికి దేశమంతా చప్పట్లు కొట్టింది. రెండోవాడిమీద ఒక నవల రాదగ్గ బరువు ఉంది.

4

‘యజ్ఞం’ 1966లో అచ్చయింది. శ్రీకాకుళం ప్రాంతపు పల్లెలో అప్పు తగాదా వస్తువు. ఇందులో కోట లేదు, కత్తియుద్ధం లేదు, మంత్రం లేదు. అయినా దాన్ని ఈ చర్చలోకి తేవటానికి కారణం ఉంది. కట్టప్పను బంధించిన గొలుసూ, ఈ కథలోని గొలుసూ ఒకటే - తరం నుంచి తరానికి సంక్రమించే మాట, సంక్రమించే బాకీ. బొబ్బిలి కోటలో జరిగిన పని ఈ కథ చివర పంచాయతీ ముందు మళ్లీ జరుగుతుంది. కన్నబిడ్డను కన్నవాడే చంపటం.

సుందరపాలెంలో అప్పల్రాముడు గోపన్నకు బాకీ పడ్డాడు. పంచాయతీ పెద్ద శ్రీరాములునాయుడు. తగవు నడుస్తుంది. కారా మాస్టారి శిల్పం ఇక్కడే చూడాలి. గోపన్న రక్తం తాగే షావుకారు బొమ్మ కాదు. అతనికీ చితికిన రోజులు వచ్చాయి, తన సొమ్ము తాను అడుగుతున్నాడు. శ్రీరాములునాయుడు మీసాలు మెలేసే గ్రామ నియంత కాదు. ఊరికి మేలు చేసినవాడు, నీతికి నిలబడతాడని పేరున్నవాడు. తీసుకున్న అప్పు తీర్చాలన్నది ఎవరు కాదనగలిగిన ధర్మం? అందరూ సబబుగానే మాట్లాడతారు. సబబు మాటలన్నీ కలిసి ఒక కుటుంబాన్ని కంబారితనంలోకి తోస్తాయి. అప్పల్రాముడు చివరకు ఒప్పుకుంటాడు. అతని కొడుకు సీతారాముడు ఒప్పుకోడు. తన బిడ్డ పుట్టు బానిసగా బతకకూడదని బిడ్డను చంపి, ఆ శవాన్ని పెద్దల ముందుకు తెస్తాడు.

ఆ ముగింపుమీద తెలుగు సాహిత్యంలో ఎంత వాదన జరిగిందో ఈ పత్రిక పాఠకులకు తెలుసు. బిడ్డను చంపటం పోరాటమా, నిరాశా అన్నది ఆ వాదనలో ముఖ్యమైన ప్రశ్న. ఆ వాదనకు తీర్పు చెప్పటం ఈ వ్యాసం పరిధిలో లేదు. బొబ్బిలి పక్కన పెట్టినప్పుడు ‘యజ్ఞం’ ముగింపు ఎలా కనిపిస్తుందో మాత్రం చెబుతాను.

రంగారావు బిడ్డలను చంపించింది తన వంశపు పేరు కోసం. సీతారాముడు బిడ్డను చంపింది తన వంశానికి అంటిన బాకీ తెంచటం కోసం. ఒకడు వారసత్వాన్ని కాపాడటానికి చంపాడు, ఒకడు వారసత్వాన్ని నరకటానికి చంపాడు. రంగారావుకు ముందు వేరే దారి ఉంది. ఇంకోచోట భూములు తీసుకుని బతకవచ్చు, పరువు మాత్రం పోతుంది. సీతారాముడికి అలాంటి కబురు ఎవరూ పంపలేదు. అయినా మన జిల్లాల్లో రంగారావు పని ‘త్యాగం’ అయింది, సీతారాముడి పని ‘ఘోరం’ అయింది. చచ్చిపోయింది రెండుచోట్లా పసిబిడ్డలే. ఈ రెండు మాటల మధ్య దూరాన్ని కొలిస్తే మన సౌందర్యదృష్టిలో వర్గం ఎంత లోతుగా దిగి ఉందో తెలుస్తుంది.

ఇంకో సంగతి. కారా మాస్టారు సీతారాముణ్ణి సమర్థించలేదు, ఖండించలేదు. శవాన్ని పెద్దల ముందు ఉంచి, ఆ దృశ్యాన్ని చూడకుండా ఎవరూ తప్పించుకోలేని స్థితి కల్పించారు. సంక్లిష్టమైన పాత్రను సృష్టించటం అంటే తీర్పు వాయిదా వేయటమని కొందరు అనుకుంటారు. ‘యజ్ఞం’ తీర్పు వాయిదా వేయలేదు. సీతారాముడి మీదనుంచి తీర్పును తీసి అతన్ని ఆ చోటికి నెట్టిన ఏర్పాటు మీద పెట్టింది.

5

సంక్లిష్టత ఎవరికి దక్కుతుందన్న రెండో ప్రశ్నకు వస్తాను.

‘బాహుబలి’ మొదటి భాగంలో కాలకేయులు అనే అడవిజాతి ఉంది. నల్లని ఒళ్లు, అర్థంకాని భాష, గుంపుగా అరుపులు. వారి భాషను ప్రత్యేకంగా తయారుచేయటానికి నిపుణుల శ్రమ ఖర్చయింది. ఆ భాషలో వారికి ఒక్క ఆలోచనగాని, ఒక్క దుఃఖంగాని ఇవ్వటానికి శ్రమ ఖర్చు కాలేదు. టోల్కిన్ 1954-55లో ప్రచురించిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో ఓర్కులనే జాతి ఇలాంటిదే. గొల్లుమ్ వంటి ఒక్క అధమ జీవిలో అంతటి అంతఃసంఘర్షణను చూడగలిగిన రచయిత, ఓర్కులను మాత్రం చంపదగిన గుంపుగా వదిలేశాడు. ఇతిహాస కల్పనలో ధర్మసంకటం సాధారణంగా సింహాసనం చుట్టూ నాలుగు గజాల దూరంలో ఆగిపోతుంది. దాని అవతల ఉన్నవారు సైన్యం, జనం లేదా రాక్షసులు.

ఈ విషయం శ్రీకాకుళం ఏజెన్సీ తెలిసిన పాఠకుడికి వేరే చెప్పనక్కరలేదు. సవరలను, జాతాపులను మైదానపు వడ్డీవ్యాపారి ఏ కళ్లతో చూశాడో, 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న ఏ పరిస్థితుల్లో చంపబడ్డారో ఇక్కడివారికి తెలుసు. అడవిలో ఉండేవాడికి మనసు ఉండదు, గుంపు ఉంటుంది అన్న ఊహ కథల్లో నిరపాయంగా కనిపిస్తుంది. కథ బయట ఆ ఊహకు ప్రాణాలు మూల్యంగా చెల్లించినవారున్నారు.

అలాగని రాముణ్ణి దించి రావణుణ్ణి ఎక్కిస్తే, రాజును తిట్టి రాక్షసుణ్ణి పొగిడితే పని అయిపోదు. అది బొమ్మను తలకిందులు చేయటమే. ఆ లోపం ప్రగతిశీల రచనల్లో కూడా ఉంది. భూస్వామి అనగానే పచ్చి దుర్మార్గుడు, కూలి అనగానే మచ్చలేని మనిషి - ఇలాంటి కథలు మన సంచికల్లో తక్కువ కాదు. పీడితుడు మచ్చలేనివాడైతేనే అతని పక్షాన నిలబడతామని చెప్పటం పీడితుణ్ణి అవమానించటం. విజయనగరంలోనే గురజాడ మధురవాణిని సృష్టించారు. ఆమెను పతివ్రతగా మార్చి గౌరవించలేదు. వేశ్యగా ఉంచి, ఆ చోటునుంచే ఆమె వివేకాన్ని చూపించారు. ఆ సంప్రదాయం మనకు ఇంటి సొత్తు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. భూస్వామిలో కూడా మనిషిని చూపిస్తే దోపిడీని క్షమించినట్టు కాదా? ఈ భయం నిరాధారం కాదు. ‘అందరిలోనూ మంచీ చెడూ ఉన్నాయి, అందువల్ల ఎవరినీ ఏమీ అనలేం’ అన్న ధోరణి ఇప్పుడు బాగా పెరిగింది. ఆ ధోరణికి లాభపడేది బలవంతుడే. కాని దానికి విరుగుడు బొమ్మ పాత్రలు కావు. శ్రీరాములునాయుడు మంచివాడు కావటంవల్ల ‘యజ్ఞం’లో దోపిడీ పలచబడలేదు. మంచివాడి చేతిమీదుగా కూడా అది నడుస్తుందని తెలిసి మరింత భయం వేసింది. దుర్మార్గుడివల్ల అన్యాయం జరిగితే అతను చచ్చిపోతే సరిపోతుందని పాఠకుడు ఊరట పొందుతాడు. నీతిమంతుడివల్ల జరిగితే ఆ నీతినే పరీక్షించవలసివస్తుంది.

కథను విన్నవారి విషయం కూడా చెప్పాలి. బొబ్బిలి కథ విని కన్నీళ్లు పెట్టుకున్న ప్రజలు రాజభక్తులై ఉండిపోయారనుకోవటం తొందరపాటు. 1937 మద్రాసు శాసనసభ ఎన్నికల్లో, అప్పటికి రాష్ట్ర ప్రధానిగా పనిచేసిన బొబ్బిలి రాజా, బొబ్బిలిలోనే వి. వి. గిరి చేతిలో ఓడిపోయారు. ఓటుహక్కు ఇంకా కొందరికే ఉన్న ఎన్నిక అది. రంగారావు కోసం ఏడ్చినవారు ఆయన వారసుడికి ఓటు వేయలేదు. కథలో వీరుణ్ణి ప్రేమించటం, జమీందారీని ఎదిరించటం ఒకే మనిషిలో ఉండగలవని జనం రుజువు చేశారు. శ్రోతలకు ఇంత సంక్లిష్టత ఉన్నప్పుడు, మీ పాత్రలకు అంతకన్నా తక్కువ ఉంటే ఎలా?

ఇతిహాస కల్పన రాయాలనుకునే మన యువ రచయితలను వద్దని నేను అనను. కోటలూ కత్తులూ వాస్తవికతకు శత్రువులు కావు. తెలుగు పల్లె కథను ఇష్టపడిందే వాటి ద్వారా. కాని ఒక రాజు ధర్మసంకటం రాసేముందు, ఆ సంకటానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో ఒకసారి లెక్క వేసుకోండి. ఒక సేవకుడి విశ్వాసాన్ని కీర్తించేముందు, ఆ విశ్వాసం అతను ఎంచుకున్నదా, పుట్టుకతో అతని మెడకు చుట్టినదా అడగండి. శత్రువు గుంపును తెరమీదికి తెచ్చేముందు, ఆ గుంపులో ఒక్కడికైనా ఇల్లు ఉందేమో చూడండి.

బొబ్బిలి కోటనుంచి పిల్లవాడితో బయటికి నడిచిన ఆ ముసలివాడికి ఇంతవరకూ కథలో తగిన చోటు రాలేదు. అతను రాత్రంతా ఏం ఆలోచించాడు, దొర ముందు తల వంచి వెనకనుంచి ఎలా తప్పించాడు, శత్రువు డేరా ముందు ఏ మాటతో పిల్లవాణ్ణి అప్పగించాడు - ఇవన్నీ రాయవలసినవి మిగిలే ఉన్నాయి. ఆ కథ రాయవలసింది ఈ జిల్లాల రచయితలే.